ఒకొంక్వో చావు - ఒబియెరికా వాంగ్మూలం

చినువా అచేబే 1958లో ప్రకటించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవలను నేను మొదట పాఠ్యపుస్తకంగానే చదివాను. మా మేష్టారు నల్లబల్ల మీద అరిస్టాటిల్ పేరు రాసి పాఠం మొదలుపెట్టారు. విషాద కథానాయకుడు గొప్పవాడై ఉంటాడు, అతనిలో ఒక లోపం ఉంటుంది, ఆ లోపమే అతన్ని కూల్చేస్తుంది. ఒకొంక్వో లోపం గర్వం, దుడుకుతనం. కనుక కూలిపోయాడు. నేను పరీక్షలో అదే రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. తరవాత ఉపాధ్యాయుణ్ణయి అదే పాఠాన్ని అదే పద్ధతిలో కొన్నేళ్ళపాటు చెప్పాను.

ఒక ఏడు వెనక వరుసలోంచి ఒక విద్యార్థిని లేచి అడిగింది: "వీడు పెళ్ళాల్ని కొట్టినవాడు. నాన్నా అని పిలిచిన పిల్లవాణ్ణి తన చేత్తో నరికినవాడు. ఇలాంటివాణ్ణి ఊళ్ళోకెల్లా గొప్పవాళ్ళలో ఒకడని ఆ స్నేహితుడంటే మనమెందుకు ఒప్పుకోవాలి సార్?" నాకు వెంటనే జవాబు దొరకలేదు. అరిస్టాటిల్ కూడా ఆదుకోలేదు. సాయంత్రం ఈ మాట ఒక పాతకాలపు మిత్రుడికి చెబితే ఆయన నవ్వి, "దీనికింత ఆలోచనెందుకు? ఒకొంక్వో అభివృద్ధి నిరోధకుడు. కాలం చెల్లిన వ్యవస్థతోపాటు పోయాడు" అన్నాడు. మేష్టారి పాఠానికీ మిత్రుడి తీర్పుకూ పైకి పోలిక లేదు. కాని రెండింటిలోనూ కమిషనరు దొర నిర్దోషిగా బయటపడుతున్నాడని నాకు అప్పుడే తట్టింది. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు సాహిత్య సిద్ధాంతంలో కంటే చరిత్రలో వెతకడం మేలనిపించింది.

కథ ముగింపు చాలామందికి తెలిసిందే. కోర్టు బంట్రోతును నరికిన ఒకొంక్వోను పట్టుకుపోవడానికి జిల్లా కమిషనరు సాయుధ సిపాయిలను వెంటబెట్టుకుని వస్తాడు. ఇంటి ముంగిట కూర్చున్న మనుషుల్లోంచి ఒబియెరికా లేచి వాళ్ళను పెరటి గోడ అవతల ఉన్న ఒక చెట్టు దగ్గరకు తీసుకుపోతాడు. ఒకొంక్వో ఆ చెట్టుకు ఉరిపోసుకుని ఉన్నాడు. మీవాళ్ళచేత శవాన్ని దింపించమని ఒబియెరికా అడుగుతాడు. ఆత్మహత్య భూదేవతకు అపచారం. అలా పోయినవాణ్ణి సొంత వంశస్థులు తాకరాదు, పరాయివాళ్ళే పాతిపెట్టాలి. కమిషనరుకు ఇదంతా వింతగా ఉంటుంది. ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. ఓపికగా సమాధానాలు చెబుతున్న ఒబియెరికా ఉన్నట్టుండి అతని వైపు తిరుగుతాడు. వేలాడుతున్న మనిషి ఉమువోఫియాలోని మహనీయుల్లో ఒకడనీ, అతన్ని చావుకు తరిమింది మీరేననీ, ఇప్పుడతనికి కుక్కకు పట్టే గతి పడుతోందనీ అంటాడు. ఆపైన గొంతు పూడుకుపోయి మాట రాదు. ఒక బంట్రోతు నోరుముయ్యమని అరుస్తాడు. అరవమని ఎవరూ చెప్పలేదు. నౌకరీ రుచి మరిగినవాడి అత్యుత్సాహం అది.

ఈ మాటలు అన్నది ఎవరో మొదట చూడాలి. ఒబియెరికా స్తోత్రపాఠకుడు కాడు. ఒకొంక్వో తప్పులను ముఖాన చెప్పిన మనిషి ఆ ఊళ్ళో ఎవరన్నా ఉన్నారంటే ఇతనే. పొరుగు ఊరు పరిహారంగా ఇచ్చిన ఇకెమెఫూనా అనే పిల్లవాడు మూడేళ్ళు ఒకొంక్వో ఇంట్లో పెరుగుతాడు. దేవత ఆజ్ఞ అని ఊరిపెద్దలు వాణ్ణి చంపడానికి నిశ్చయిస్తారు. ఎజెయుడు అనే వృద్ధుడు ఈ పాపంలో చెయ్యి పెట్టవద్దని ముందే హెచ్చరించినా, పిరికివాడనుకుంటారేమోనన్న భయంతో ఒకొంక్వో తానే కత్తి దూస్తాడు. ఒబియెరికా ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయాడు. ఎందుకు రాలేదని నిలదీసిన స్నేహితుడితో, నువ్వు చేసిన పని భూదేవత మెచ్చేది కాదు, ఇలాంటి పనులు వంశాలను నాశనం చేస్తాయి అని తేల్చి చెప్పాడు. శాంతివారంలో చిన్నభార్యను కొట్టిన సంగతి, రెండో భార్య మీదికి తుపాకి పేల్చిన సంగతి ఊరికంతా తెలుసు. మా విద్యార్థిని లెక్కించిన తప్పులేవీ ఒబియెరికాకు కొత్తవి కావు. ఆమెకు తెలిసినవాటికంటే ఎక్కువే అతనికి తెలుసు. అన్నీ తెలిసి అన్నమాట కాబట్టి దాన్ని నివాళి అనడం కంటే వాంగ్మూలం అనడం సబబు.

ఒకొంక్వో గర్వం ఎక్కడ పుట్టింది? మన విమర్శకులు దీన్ని స్వభావమని వదిలేస్తారు. కాని అచేబే ఆర్థిక వివరాలు కావలసినన్ని ఇచ్చాడు. తండ్రి ఉనోకా పిల్లనగ్రోవి వాయించేవాడు, ఊరినిండా అప్పులు చేసినవాడు, ఏ బిరుదూ పొందకుండా పోయినవాడు. అతని నుంచి కొడుకుకు పెండలపు కొట్టు రాలేదు, పొలం రాలేదు. కుర్రవాడు న్వాకిబియే అనే సంపన్నుడి దగ్గరకు పోయి 800 విత్తనపు పెండలాలు పాలికి తెచ్చుకుంటాడు. ఆ పద్ధతిలో చాకిరీ అంతా చేసినవాడికి దక్కేది పంటలో మూడో వంతు. ఆ ఏడు మొదట వానలు ఎగ్గొట్టాయి, తరవాత ముంచెత్తాయి. తల్లినీ చెల్లెళ్ళనూ కూడా పోషించాలి. ఇలా పైకి వచ్చినవాడికి ఓడిపోయినవాణ్ణి చూస్తే జాలి కలగకపోగా అసహ్యం కలుగుతుంది. మెత్తగా కనిపించినదల్లా అతనికి తండ్రిలా కనిపిస్తుంది. మన ఊళ్ళలో కూడా పాలేరుతనం నుంచి ఎదిగి నాలుగెకరాలు కొన్నవాడు కొత్త పాలేరు మీద పెత్తందారు కంటే ఎక్కువ విరుచుకుపడటం చూస్తూనే ఉన్నాం. ఇది సమర్థన కాదు, కారణం మాత్రమే.

ఇక ఆ సమాజం సంగతి. ఇగ్బోల ప్రాంతంలో చాలా భాగానికి రాజులు లేరు. ఒనిచ్చా వంటి కొన్ని పట్టణాలు మినహాయింపు. ఇగ్బోలకు రాజు లేడని వాళ్ళలోనే ఒక నానుడి ఉంది. ఊరిసభ, పెద్దలు, బిరుదులు పొందినవాళ్ళు, పూర్వీకుల ముసుగులు ధరించి తగవులు తీర్చేవాళ్ళు, ఆడపడుచుల సంఘాలు, ఒకే ఈడువాళ్ళ జట్లు - వీటి మధ్య అధికారం పంపిణీ అయి ఉండేది. పుట్టుకతో వచ్చిన హోదా కంటే కష్టపడి సంపాదించుకున్న పేరుకు విలువ ఎక్కువ. అలాగని దాన్ని స్వర్ణయుగమనడానికి వీల్లేదు. కవలపిల్లలను అడవిలో పారేసేవారు. దేవతలకు అంకితమైన 'ఒసు' కుటుంబాలను తరతరాలుగా అంటరానివాళ్ళను చేసి ఉంచారు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ తూర్పు నైజీరియా శాసనసభ 1956లో చట్టం చేయవలసి వచ్చింది. నవలలో మొదట చర్చిలో చేరినవాళ్ళు సరిగ్గా వీళ్ళే: ఒసులు, కవలలను పోగొట్టుకున్న తల్లులు, బిరుదులు లేనివాళ్ళు. మన పల్లెల్లో క్రైస్తవం మొదట ఏ వాడలో పాదం మోపిందో ఎరిగిన పాఠకుడికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఒకొంక్వో కొడుకు న్వోయె కూడా అటే పోయాడు. ఇకెమెఫూనాను చంపిన రాత్రే ఆ పిల్లవాడి మనసు తండ్రి నుంచి తెగిపోయింది.

ఈ చీలికను ఆధారం చేసుకునే నా మిత్రుడు తీర్పు చెప్పాడు. ఆయన వెనుక 1853లో మార్క్స్ భారతదేశం గురించి న్యూయార్కు పత్రికకు రాసిన వ్యాసాలున్నాయి. బ్రిటిషువాళ్ళు నీచమైన ఉద్దేశాలతోనైనా చరిత్ర చక్రాన్ని ముందుకు తిప్పారన్న వాదాన్ని మనవాళ్ళు అక్కడి నుంచే తెచ్చుకుంటారు. అదే మార్క్స్ 1881లో వేరా జాసులిచ్‌కు జవాబు రాస్తూ రష్యా గ్రామ సముదాయం గురించి ఎంత ఆచితూచి మాట్లాడాడో వీళ్ళు చదవరు. సరే, సిద్ధాంతం అలా ఉంచి, ఇగ్బోల దేశంలో చరిత్ర చక్రం ఎలా తిరిగిందో చూద్దాం.

1884-85లో బెర్లినులో కూర్చుని యూరపు రాజ్యాలు ఆఫ్రికాను పంచుకునే నియమాలు రాసుకున్నాయి. 1886లో నైజరు నదీ ప్రాంతాన్ని ఏలడానికి ఒక వర్తక కంపెనీకి బ్రిటిషు రాణి చార్టరు ఇచ్చింది. రాయల్ నైజర్ కంపెనీ అనే ఆ సంస్థ ఏమిటో మనకు తేలిగ్గా అర్థమవుతుంది. మన దేశాన్ని కూడా ఒక కంపెనీయే కదా మొదట ఏలింది. వాళ్ళకు కావలసింది పామాయిలు, దాని గింజలు. ఇంగ్లాండులో యంత్రాలకు కందెనగా, సబ్బుకూ కొవ్వొత్తులకూ ముడిసరుకుగా దానికి గిరాకీ ఉండేది. 1900లో కంపెనీ చేతిలోంచి పాలన నేరుగా ప్రభుత్వానికి మారింది. నది నుంచి లోపలి ఊళ్ళకు దారి తెరవడానికి 1901 చివర అరోచుక్వు మీదికి సైన్యం నడిచింది. అక్కడి ప్రసిద్ధ దైవవాణి స్థలాన్ని 1902 నాటికి ధ్వంసం చేశారు. బానిస వ్యాపారాన్ని అణచడానికేనని చెప్పారు. ఆ వ్యాపారం నిజమే, కాని అంతకుముందు రెండు శతాబ్దాలపాటు ఆ బానిసలను కొని ఓడల్లో అట్లాంటిక్ దాటించింది ఎవరో ఆ ప్రకటనలో రాయలేదు.

1905 నవంబరులో స్టువర్ట్ అనే తెల్ల డాక్టరు సైకిలు మీద పోతూ దారి తప్పి అహియారా ప్రాంతంలో చిక్కుపడ్డాడు. అక్కడివాళ్ళు అతన్ని చంపారు. దానికి ప్రతీకారంగా వచ్చిన పటాలాలు ఆ చుట్టుపట్ల ఊళ్ళమీద పడ్డాయి. నవలలో ఇనపగుర్రం ఎక్కి వచ్చిన తెల్లవాణ్ణి చంపినందుకు అబామే అనే ఊరు సంతరోజున తుడిచిపెట్టుకుపోతుంది. చరిత్రకారులు ఆ కథలో ఈ సంఘటననే గుర్తుపట్టారు. నవలలో ఈ వార్తను ఏడేళ్ళ ప్రవాసంలో ఉన్న ఒకొంక్వోకు మోసుకొచ్చినవాడు ఒబియెరికాయే. అలా వచ్చినప్పుడు స్నేహితుడి పెండలాలు అమ్మిన సొమ్ము రెండు సంచుల గవ్వలు కూడా తెచ్చి అప్పజెప్పాడు. ఊరు వదిలి పోయినవాడి పొలం లెక్క పైసాతో సహా చూసిపెట్టే స్నేహితులు లోకంలో ఎందరుంటారు?

తుపాకి వెనకాల కోర్టు వచ్చింది. రాజులు లేని చోట రాజులను తయారుచేయాలి కనుక, బ్రిటిషువాళ్ళు తమకు నచ్చిన మనుషులకు వారంటు కాగితాలిచ్చి నాయకులను చేశారు. 'వారంటు చీఫులు' అన్న పేరు అలా వచ్చింది. ఊరిలో గౌరవం ఉన్నవాళ్ళు చాలాచోట్ల ముందుకు రాలేదు. ముందుకు వచ్చినవాళ్ళకు కోర్టు గుమాస్తాలూ బంట్రోతులూ తోడై లంచాలు మేశారు. 1903 నాటి చట్టం కింద ఊళ్ళవాళ్ళచేత రోడ్లకూ వాగుల శుభ్రతకూ వెట్టిచాకిరీ చేయించారు. తరవాత 1914లో ఉత్తర దక్షిణ నైజీరియాలను కలిపి గవర్నరు జనరలైన లుగార్డు, స్థానిక పాలకుల ద్వారా ఏలే పద్ధతిని పెద్ద సిద్ధాంతంగా మలిచి పుస్తకాలు రాశాడు. ఈయనగారు పుట్టింది మన మద్రాసులో, 1858లో, సెయింట్ జార్జి కోటలో. సంస్థానాధీశులను ముందు నిలబెట్టి వెనక రెసిడెంటు చక్రం తిప్పే విద్యను ఆ సామ్రాజ్యం మన గడ్డమీదే సాధన చేసింది.

నవలలో ఆరుగురు పెద్దలను మాట్లాడుకుందామని పిలిపించి బేడీలు వేస్తారు. జుట్టు గొరిగించి, తిండి నీళ్ళు లేకుండా మాడ్చి, కొడతారు. కమిషనరు విధించిన జరిమానా 200 సంచుల గవ్వలు. బంట్రోతులు ఊరిని అడిగింది 250. ఈ 50 సంచుల తేడా మీద నేను తరగతిలో ఇప్పుడు ఒక గంట వెచ్చిస్తాను. సామ్రాజ్యానికీ దాని నౌకరుకూ మధ్య లాభం పంపకం ఎలా జరుగుతుందో ఆ ఒక్క లెక్క చెబుతుంది.

అరిస్టాటిల్ పాఠాన్ని ఇప్పుడు పరీక్షించవచ్చు. ఒకొంక్వో లోపం తీసేసి చూడండి. అతను నెమ్మదస్తుడనుకుందాం, భార్యల మీద చెయ్యి ఎత్తనివాడనుకుందాం. అప్పుడు అబామే తగలబడకుండా ఉండేదా? ఆరుగురి జుట్టూ దక్కేదా? జరిమానా మాఫీ అయ్యేదా? జైల్లో పెట్టిన మిగతా అయిదుగురూ ఒకొంక్వోలాంటి దుడుకువాళ్ళు కారు. వాళ్ళకూ అవే దెబ్బలు పడ్డాయి. ఒబియెరికా కంటే వివేకి ఆ ఊళ్ళో లేడు. ఆ వివేకానికి దక్కింది బంట్రోతు కసురు. లోపం లేనివాడు ఒకొంక్వోలా చచ్చేవాడు కాడేమో. ఒకొంక్వోలా బతకడానికి కూడా అతన్ని ఎవరూ ఒప్పుకునేవారు కారు. అందువల్ల ఆ లోపం అతను ఏ విధంగా చచ్చాడో చెబుతుంది. ఎందుకు చావవలసి వచ్చిందో చెప్పడానికి చాలదు. ఒబియెరికా వేలు చూపించింది ఈ రెండో దానివైపు.

కాని అతని మాటలో ఒక ఖాళీ ఉంది, దాన్ని దాచకూడదు. ఒకొంక్వో బంట్రోతును నరికినప్పుడు మిగతా బంట్రోతులను ఊరు పారిపోనిచ్చింది. ఎందుకిలా చేశాడని జనంలోంచి గొంతులు లేచాయి. అతను కత్తి తుడుచుకుని ఒంటరిగా వెళ్ళిపోయాడు. యుద్ధానికి ఊరు సిద్ధంగా లేదని ఒకొంక్వోకు అప్పుడు తెలిసింది. ఒబియెరికాకు చాలా ముందే తెలుసు. ప్రవాసం నుంచి తిరిగొచ్చిన స్నేహితుడు తెల్లవాళ్ళను ఎందుకు తరిమికొట్టలేదని గర్జిస్తే, ఇద్దరు తెల్లవాళ్ళను తరమడం కష్టం కాదు, వాళ్ళలో కలిసిపోయిన మన బిడ్డలను ఏం చేస్తాం అని ఒబియెరికా అడిగాడు. చర్చి అప్పటికే కొందరికి మనిషితనం ఇచ్చింది. కంపెనీ అంగడి పామాయిలుకు మునుపెన్నడూ లేని ధర పెట్టి ఊళ్ళోకి డబ్బు తెచ్చింది. చీలిక లోపలిదే, తెల్లవాడు అందులో మేకు దిగ్గొట్టాడు. చెట్టు కింద మాట్లాడేటప్పుడు ఒబియెరికా ఈ సంగతి ఎత్తలేదు. శత్రువు ఎదుట, స్నేహితుడి శవం పక్కన నిలబడి స్వపక్షం తప్పుల చిట్టా విప్పకపోవడం నాకు సహజంగానే తోస్తుంది. వంచన అనిపించదు. ఆ చిట్టాను అతను స్నేహితుడు బతికుండగానే విప్పాడు కదా.

మరి ఆ ఊళ్ళు నిజంగానే పోరాడలేదా? నవల ముగిసినచోట చరిత్ర ముగియలేదు. నైజరు నదికి పడమటివైపు ఇగ్బో యువకులు 'ఎకుమెకు' అనే రహస్య దళాలుగా ఏర్పడి 1898 నుంచి పదేళ్ళకు పైగా బ్రిటిషు బలగాలతో విడతలు విడతలుగా తలపడ్డారు. ఇంతకంటే ముఖ్యమైనది 1929. అంతకు ముందటి ఏడు తూర్పు మండలాల్లో మగవాళ్ళ మీద పన్ను వేశారు. పామాయిలు ధర పడిపోతోంది. నవంబరులో ఒలోకో అనే ఊళ్ళో వారంటు చీఫు పంపిన మనిషి జనాన్నీ మేకలనూ లెక్కించడానికి ఒక ఇంటికి వచ్చాడు. న్వాన్యెరువా అనే స్త్రీ అప్పుడు పామాయిలు తీస్తోంది. ఆడవాళ్ళకు కూడా పన్ను వేస్తారన్న అనుమానంతో ఆమె అతన్ని నిలదీసింది, మాటామాటా పెరిగి పెనుగులాట అయింది. తాటాకులు ఊరి నుంచి ఊరికి కబురు మోశాయి. వేలాది స్త్రీలు చీఫుల ఇళ్ళ ముందు కూర్చుని పాటలు పాడుతూ నిందించారు. తప్పు చేసిన మగవాణ్ణి అలా శిక్షించడం వాళ్ళ పాత ఆచారం. చీఫుల టోపీలు లాక్కున్నారు, నేటివు కోర్టులను కూల్చారు, కంపెనీ అంగళ్ళ మీద పడ్డారు. డిసెంబరులో సైన్యం కాల్పులు జరిపింది. 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు. అందులో ఎక్కువమంది ఒపోబోలో ఒకే రోజున నేలకూలారు. 1930లలో ప్రభుత్వం వారంటు చీఫుల వ్యవస్థను ఎత్తివేయక తప్పలేదు.

ఒకొంక్వో జీవితమంతా భయపడింది ఆడతనానికి. సభలో మగవాళ్ళు కదలకపోతే వాళ్ళు ఆడంగులైపోయారని కుమిలిపోయాడు. ఇరవై ముప్ఫై ఏళ్ళ తరవాత అదే కోర్టులను కూల్చినవాళ్ళు ఆడవాళ్ళు. వాళ్ళకు ఒకొంక్వోకు లేనిది ఒకటుంది - సంఘం. పెండలం మగవాడి పంట, ఎవడి కొట్టు వాడిది, ఎవడి బిరుదు వాడిది. సంతలు, పామాయిలు గింజలు, పుట్టింటి ఆడపడుచుల బంధాలు ఆడవాళ్ళవి. ఈ సంగతి చెప్పినప్పుడు మా విద్యార్థిని మొదటిసారి కాస్త నవ్వింది.

కమిషనరు ఏం చేశాడన్నది మిగిలింది. శవాన్ని దింపించమని బంట్రోతుకు చెప్పి, తాను రాయబోయే పుస్తకం గురించి ఆలోచించుకుంటూ వెళ్ళిపోతాడు. ఈ మనిషి మీద ఒక అధ్యాయం రాయవచ్చుననుకుంటాడు, తరవాత ఒక పేరా చాలుననుకుంటాడు. కింది నైజరు ఆదిమ తెగలను శాంతపరచడం ఎలాగన్నది ఆ పుస్తకం పేరు. ఇది కేవలం కల్పన అనుకోకండి. మిషనరీ బాస్డెను ఇగ్బోల మధ్య తన జీవితం గురించి 1921లో పుస్తకం ప్రచురించాడు. 1929 తరవాత ప్రభుత్వం మానవశాస్త్రజ్ఞులను పంపింది. మీక్ రాసిన గ్రంథం 1937లో వచ్చింది. పనికివచ్చే సమాచారం వాటిలో ఉంది, నేను కాదనను. కాని ఆడవాళ్ళ తిరుగుబాటు కోర్టులను కూల్చేదాకా ఆ ప్రజల న్యాయపద్ధతి ఏమిటో తెలుసుకోవాలని ఏలికలకు తీరిక చిక్కలేదు.

ఆ పేరాను తిరగరాసినవాడు ఆ తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడు, 1930 నవంబరులో, ఒగిడిలో పుట్టాడు. అచేబే తండ్రి క్రైస్తవ ప్రచారకుడు. అంటే రచయిత వచ్చింది ఒకొంక్వో ఇంటి నుంచి కాదు, న్వోయె వెళ్ళిన దారి నుంచి. తండ్రి అసహ్యించుకున్న బడిలో చదివినవాళ్ళ బిడ్డే తండ్రి తరఫున సాక్ష్యాన్ని ఇంగ్లీషులో, నైజీరియా స్వతంత్రానికి రెండేళ్ళ ముందు, లండనులో అచ్చువేయించాడు. ఆయన 2013లో మరణించాడు. ఈ విచిత్రాన్ని మా మిత్రుడి చక్రంలో ఎక్కడ పెట్టాలో నాకిప్పటికీ తెలియదు.

ఒబియెరికా గురించి ఒక్క మాట చెప్పాలి. అతను కూడా నిర్దోషి కాడు. పొరపాటున తుపాకి పేలి ఎజెయుడు కొడుకు చనిపోయినప్పుడు ఒకొంక్వో ఇల్లు తగలబెట్టిన జనంలో అతనున్నాడు. ఆ తరవాత ఇంటికొచ్చి, తెలియక చేసిన తప్పుకు ఇంత శిక్ష ఏమిటని ఆలోచించాడు. తన భార్య కన్న కవలలను తానే అడవిలో పారేసిన సంగతి గుర్తొచ్చింది. ఆ పిల్లలు చేసిన నేరమేమిటో అతనికి బోధపడలేదు. అయినా ఆచారాన్ని దాటలేదు. ప్రాణస్నేహితుడి శవాన్ని సైతం తాకలేదు. పరాయివాళ్ళు పాతిపెట్టాక అపచారం పోయేటట్టు నేలకు శుద్ధి చేయవలసినవాళ్ళలో తానూ ఒకడని అతనికి తెలుసు. తెలిసే కమిషనరు ముఖాన ఆ మాటలన్నాడు.

నేనిప్పుడు ఈ పాఠాన్ని ఆ చెట్టు దగ్గర మొదలుపెట్టి 1929 దగ్గర ఆపుతున్నాను. ఆ అమ్మాయి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఇకెమెఫూనా తల్లి గనక ఆ చెట్టు కింద ఉంటే ఏమనేదో అని అడిగింది. అరిస్టాటిల్‌ను సిలబసు అడుగుతుంది కనుక చివరి గంటలో చెబుతాను.